ఓట్లు చీల్చడం అంటే అసలు లెక్క ఏంటండీ?

మాది రాయగడ. మొన్న టీ కొట్టు దగ్గర మా చినమావయ్యకీ నాకూ గొడవైపోయింది. మూడోవాడికి ఓటేస్తే మురిక్కాలవలో పోసినట్టేనంటూ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టేశారు. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రంలో బుష్ 537 ఓట్లతో గట్టెక్కారు, మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కి 97 వేల పైచిలుకు పడ్డాయి, బుష్ ప్రత్యర్థి గోర్ కొంప ముంచింది ఆయనేనట. సరే, మరి 2019లో మా కోరాపుట్ లోక్‌సభ సీటులో తేడా 3,613 ఓట్లే. నోటాకే 36 వేలు దాటాయి. నోటా ఎవరి ఓట్లు చీల్చినట్టు? మూడోవాడు లేకపోతే ఆ ఓటర్లు అసలు బూత్‌కే రాకపోవచ్చుగా (నేనైతే వెళ్లను). వాళ్ల రెండో ఇష్టం ఎవరో లెక్కగట్టే పద్ధతేమైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఆదివారం మావయ్య మళ్లీ వస్తారు.