వెదురు పొద కింద వల వేలాడే పుట్టగొడుగు: జాతి తేల్చేదెలా?

అడవిబాట:
మారేడుమిల్లి వైపు, వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెదురు ఆకుల మధ్య కనిపించింది. జానెడు ఎత్తు, తెల్ల కాడ, తల మీద ముదురాకుపచ్చ జిగురు, అక్కడి నుంచి నేల దాకా తెల్లటి వల. కుళ్లిన మాంసం వాసన, ముసిరిన ఈగలు. మధ్యాహ్నానికి వాలిపోయింది. పక్కనే కోడిగుడ్డంత తెల్ల ఉండలు రెండున్నాయి. ఫాలస్ ఇండూసియాటస్ అనే జాతి అని రాసుకోవచ్చా? ఉండ విచ్చుకోవడం వీడియో తీయాలంటే ఎలా?

తడినేల:
వలొక్కటి చూసి పేరు రాయకండి, వల ఉండే జాతులు చాలా ఉన్నాయి. అసలు ఆనవాలు జిగురు కింద ఉంటుంది. నీళ్లు పోస్తూ మెత్తటి బ్రష్‌తో తల కడగండి. తేనెపట్టు గదుల్లా గుంటలుంటే ఇండూసియాటస్ అనుకోవచ్చు. గుంటల్లేకుండా వంకర ముడతలే ఉంటే ఫాలస్‌లోనే మరో జాతి మెరులినస్ కావచ్చు. వల పసుపు, నారింజ రంగైతే మల్టీకలర్, లూటియస్ లాంటి ఫాలస్ జాతులు చూడాలి. వల పొడవు పూర్తిగా దిగాకే కొలవండి, సగం విచ్చినప్పుడు కొలిస్తే పొట్టి వల జాతి అని పొరబడతారు. కాడ పట్టుకుని పీకొద్దు, పక్క నుంచి తవ్వాలి. అడుగున తొడుగు రంగు, దాన్నుంచి మట్టిలోకి పోయే తెల్ల దారాలు ఫొటోలో పడాలి.

వాలిపోయినవి వదిలేయకండి. ఈగలు జిగురంతా తినేశాక గుంటలు ఇంకా బాగా తెలుస్తాయి.

కెమెరాసంచి:
మీరు చూసిన తెల్ల ఉండలే ఇంకా విచ్చని పుట్టగొడుగులు, వాటిని గుడ్లు అంటాం. వీడియోకి కొన మొనదేలి, పైతోలు బిగుసుకుని చీలిక పడుతున్న గుడ్డే ఎంచుకోండి. గుండ్రంగా గట్టిగా ఉన్నది ఎప్పుడు విచ్చుతుందో చెప్పలేం. తెల్లవారకముందే ట్రైపాడ్ నేలకి దగ్గరగా పెట్టి, గుడ్డు పైన 25 సెం.మీ. ఖాళీ ఉంచండి. 30 సెకన్లకో ఫొటో చొప్పున 3 గంటలకు 360 వస్తాయి, అంటే సెకనుకు 24 లెక్కన 15 సెకన్ల వీడియో. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. ఫ్లాష్ వేస్తే వల కన్నాలు తెల్లగా కలిసిపోతాయి, అందుకే పక్క నుంచి చిన్న ఎల్‌ఈడీ పెట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి. ఫ్రేము శుభ్రంగా ఉండాలని చుట్టూ ఆకులు ఊడ్చేయొద్దు. తేమ పోతే వల అంటుకుపోయి కిందికి దిగదు.

స్లైడ్‌పెట్టె:
రెండో గుడ్డును నిలువునా కోయండి, అటవీశాఖ అనుమతి ఉంటేనే సుమా. పైతోలు, దాని కింద జెల్లీ పొర, తర్వాత ఆకుపచ్చ ముద్ద, నడుమ నొక్కుకుపోయిన తెల్ల కాడ కనిపించాలి. అలా కాక గొడుగు, దాని కింది రేకుల ఆకారం కనిపిస్తే అది అమానిటా అనే వేరే రకం పుట్టగొడుగు గుడ్డు. అందులో ప్రాణం తీసే జాతులున్నాయి, కాబట్టి కోయని గుడ్డు వంటింటికి పోకూడదు.

మన వల పుట్టగొడుగులకు రేకులుండవు, బీజాలు (స్పోర్లు) జిగురులోనే ఉంటాయి, అందుకే కాగితం మీద వాటి అచ్చు పడదు. జిగురు చుక్క స్లైడు మీద పలచగా పూసి ఆరబెట్టండి. బీజాల పొడవు 3–4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మైక్రోస్కోపులో 1000 రెట్లు పెంచితే గానీ సరిగ్గా కొలవలేరు. నమూనాను 40–45 డిగ్రీల దగ్గర ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి. పచ్చిది ప్లాస్టిక్‌లో మూస్తే మర్నాటికి నీరుకారిపోతుంది.

అడవిబాట:
ఎండిపోయిన తలను కడిగినా గుంటలు తెలుస్తాయా?

తడినేల:
తెలుస్తాయండి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నాననిచ్చి, తర్వాత బ్రష్ వేయండి.