పది నిమిషాలు లెక్కలు చెప్పాను, ఎవరూ వినలేదు. అవ్వ టార్చిలైటు చూపించింది, అందరూ విన్నారు

ప్రశ్న:
మా ఊరికి సాయంత్రం ఆరు గంటల బస్సు ఆపేసి నాలుగు నెలలైంది. కాలేజీ నుంచి వచ్చే ఆడపిల్లలు మెయిన్ రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు చీకట్లో నడవాలి. మొన్న గ్రామసభలో ఎంతమంది పిల్లలు, టికెట్ల మీద ఎంత వస్తుంది అన్నీ రాసుకుని మరీ చదివాను, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నా తర్వాత మా వీధి అవ్వ లేచి, సంచిలోంచి టార్చిలైటు తీసి, "ఇది పట్టుకుని రోజూ కల్వర్టు దాకా పోతా, మనవరాలు కనబడేదాకా నాకు ముద్ద దిగదు" అంది. అక్కడికక్కడే తీర్మానం రాశారు. వచ్చే వారం డిపో మేనేజర్ గారి దగ్గర మాట్లాడాల్సింది నేనే, చాలా టెన్షన్‌గా ఉంది. అవ్వ చేసినదాన్ని ఏమంటారు? నేర్చుకుని వాడితే ఎదుటివాళ్లని మాయ చేసినట్టా?

జవాబు 1:
నేను తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు వెంటనే ద్రౌపది గుర్తొచ్చిందమ్మా. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరుతుంటే భీముడు కూడా శాంతి మాటలే చెబుతాడు. ద్రౌపది వాదిస్తుంది, చివరికి జుట్టు చేత్తో పట్టుకుని, ఇవి దుశ్శాసనుడి వేళ్లకు చిక్కిన వెంట్రుకలు, అక్కడ మాట్లాడేటప్పుడు వీటిని తలుచుకో అంటుంది. తిక్కన ఆ పద్యాన్ని "ఇవి" అనే మొదలుపెట్టాడు. మీ అవ్వ "ఇది" అంది. దీన్ని నేను అలంకారం అనను, ప్రత్యక్ష ప్రమాణం అంటాను, కళ్లెదుట పెట్టడం.

చూపించడానికి ఏమీ లేనప్పుడు వేమన దారి ఉంది. ఉప్పూ కర్పూరం చూడ్డానికి ఒకటే, రుచి వేరు అని ముందు చెప్పి, మనం తల ఊపాక మనుషుల సంగతి ఎత్తుతాడు. మనుషులతో మొదలుపెట్టి ఉంటే మనం వాదనకు దిగేవాళ్లం.

జవాబు 2:
మాస్టారి మాట నిజమే కానీ అక్కా, లెక్కలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లకండి. అర్జీలు తీసుకునే ఆఫీసులో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. ఒప్పించడానికి మూడు కావాలని అరిస్టాటిల్ చెప్పాడు: మాట్లాడేవాళ్ల మీద నమ్మకం, వినేవాళ్ల మనసు కదలడం, హేతువు. గ్రామసభలో అవ్వ అందరికీ తెలిసిన మనిషి, ఆ చీకటి దారీ అందరికీ తెలుసు, మొదటి రెండూ ఆమెకు ముందే ఉన్నాయి. మేనేజర్ గారికి అవ్వ తెలియదు, పైగా ఆయన తన పై అధికారికి జవాబు చెప్పుకోవాలి, దానికి మీ లెక్కలే ఆధారం. ఒక్క పేజీలో ఇవ్వండి. రవాణా మెరుగుపరచండి అని కాకుండా ఆరు గంటల ట్రిప్పు మళ్లీ వేయండి అని ఒక్కటే అడగండి.

జవాబు 3:
పొడుగు తగ్గించండి. 1863లో అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో ఒకే సభలో ఎవరెట్ అనే పేరున్న వక్త దాదాపు రెండు గంటలు మాట్లాడాడు, తర్వాత అధ్యక్షుడు లింకన్ రెండు మూడు నిమిషాలే, ఇవాళ అందరికీ గుర్తున్నది లింకన్ మాటలే. ప్రజల, ప్రజల చేత, ప్రజల కొరకు అని ఒకే మాట మూడుసార్లు వచ్చినా ప్రతిసారీ అర్థం కొత్తది. 1965లో శాస్త్రి గారి జై జవాన్ జై కిసాన్ కూడా అంతే, ఒకవైపు యుద్ధం, ఇంకోవైపు తిండిగింజల కొరత, రెండు ముక్కల్లో రెండూ పట్టాయి.

మాయ సంగతికి వస్తే, అవ్వ రోజూ కల్వర్టు దాకా వెళ్తోంది, అందులో మాయేముంది? "బస్సు వేస్తారా, పిల్లల చదువు మానిపించమంటారా" అని మాత్రం అనకండి. మధ్యలో ఇంకో నాలుగు దారులు ఉంటాయని ఆయనకు తెలుసు, మీ మీద నమ్మకం అక్కడే పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను, "సార్, మా పిల్లలు బస్సు దిగేసరికి చీకటి, కల్వర్టు దాటేసరికి చీకటి, ఇల్లు చేరేసరికి చీకటి" అని మొదలుపెట్టి, కాగితం చేతికిచ్చి, ట్రిప్పు అడుగుతాను. అవ్వ కూడా వస్తానంది. టార్చిలైటు తెమ్మని నేను చెప్పలేదు. ఎలాగూ తెస్తుంది, మేం తిరిగి వచ్చేసరికి పొద్దుపోతుంది కదా.