సిగోలి మైనపు బొమ్మ: శిల్పమా, అభ్యాసమా?

శిల్పవాణి:
నిన్న వేరే చర్చలో ఒకరు రాశారు: "చర్మం ఒలిచిన మైనపు బొమ్మలు డాక్టర్ల కోసం పుట్టినవి, శిల్పకళలో వాటికి చోటు లేదు" అని. నేను ఒప్పుకోలేను. ఫ్లారెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు లొడోవికో కార్డి చేసిన బొమ్మ ఒకటి ఉంది. సిగోలి అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1600 ప్రాంతంలో మైనంతో చేశాడు. సుమారు రెండడుగుల మనిషి, ఒంటి మీద చర్మం లేదు, కండరాలన్నీ బయటికే ఉన్నాయి. పొట్ట తెరిచి పేగులు చూపించలేదు, గుండె చూపించలేదు. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో, మనిషి నిలబడితే ఏది బిగుస్తుందో, అదే చూపించాడు. ఇది వైద్యుడి ప్రశ్న కాదు, శిల్పి ప్రశ్న. నా దృష్టిలో అది పూర్తి శిల్పం.

డాక్టరమ్మ:
శిల్పవాణి గారూ, డాక్టర్ల కోసం కాదన్నది నిజమే. నేను అనాటమీ పాఠాలు చెబుతాను. సర్జరీ నేర్చుకునేవాళ్లకు ఈ బొమ్మ చాలదు. వాళ్లకు పనికొచ్చే మైనపు బొమ్మలు 18వ శతాబ్దంలో వచ్చాయి: బొలోన్యాలో అన్నా మొరాండి చేసినవి, ఫ్లారెన్స్‌లో 1775లో తెరిచిన లా స్పెకోలా మ్యూజియంలో సుసీని చేసినవి. వాటిలో రంగు, నరాలు, లోపలి అవయవాలు అన్నీ ఉంటాయి.

కానీ అంతమాత్రాన పూర్తి శిల్పం అయిపోదు. 1563లో ఫ్లారెన్స్‌లో కళాకారుల అకాడమీ పెట్టారు. శాంటా మారియా నువోవా ఆసుపత్రిలో శవాన్ని కోస్తుంటే చూడటం అక్కడి చదువులో భాగం. కోసిన శవం నిలవ ఉండదు, అందుకే ఆ పని చలికాలంలోనే. మిగతా నెలల్లో కుర్రాళ్లు దేన్ని చూసి గీయాలి? మైనపు బొమ్మనే కదా. ఏడాది పొడవునా కుళ్లని శవం లాంటిది అది. గొప్ప పాఠ్య సామగ్రి. అలా అంటే తక్కువ చేసినట్టు కాదు.

రేఖాగణం:
నా అభ్యంతరం వేరు. లియోనార్డో స్వయంగా ఎన్నో శవాలు కోశాడు, ఎద్దు మెదడులోకి కరిగిన మైనం పోసి లోపలి ఖాళీల ఆకారం పట్టుకున్నాడు. ఆయనే చిత్రకారులను హెచ్చరించాడు: కండరాలన్నీ ఎత్తి చూపించకండి, బొమ్మ మనిషిలా కాక అక్రోట్ల సంచిలా ఉంటుంది అని. చర్మం ఒలిచిన బొమ్మలో అన్ని కండరాలూ ఒకేసారి అరుస్తాయి. బతికున్న ఒంట్లో కొన్ని పనిచేస్తుంటే కొన్ని ఊరుకుంటాయి, చర్మం వాటిని కప్పుతుంది. ఆ కప్పడంలోనే శిల్పం ఉంది. ఒలిచినది శిల్పానికి ముందు మెట్టు మాత్రమే.

పోతపని:
నేను కంచు పోత పోసే చోట పనిచేస్తాను. మీ ముగ్గురూ కండరాల గురించి మాట్లాడారు, మైనం గురించి ఎవరూ మాట్లాడలేదు. మైనానికి పశువుల కొవ్వు కలిపితే మెత్తబడుతుంది, టర్పెంటైన్ కలిపితే సాగుతుంది, నల్ల తారు కలిపితే రంగూ గట్టిదనమూ వస్తాయి. 16వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు వసారి రాసిపెట్టిన పద్ధతి ఇది. రాయిలో ఒకసారి తీసేసింది తిరిగి రాదు. మైనంలో తీస్తాం, మళ్లీ పెడతాం, అరచేతి వేడికి మెత్తబడితే తొడ వంపు మార్చేస్తాం. ఆలోచన మారినప్పుడల్లా చెయ్యి వెంటనే మారగల పదార్థం అది. మికెలాంజెలో బానిస శిల్పానికి చేసుకున్న చిన్న మైనపు నమూనా లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాన్ని "ముందు మెట్టు" అని పక్కన పెట్టగలరా?

ఇంకో మాట. మా పద్ధతిలో పోత పోస్తే మైనం కరిగిపోతుంది, కంచు మిగులుతుంది. సిగోలి బొమ్మను తర్వాత ఫ్లారెన్స్ శిల్పి ఫోజినీ కంచులో పోయించాడు. అయినా అసలు మైనం ఈరోజుకీ ఉంది! అంటే దాన్ని కరిగించకుండా, మీద అచ్చు తీసి పోశారన్నమాట. వాడి పారేసే సామగ్రి అనుకుంటే అంత జాగ్రత్త ఎందుకు పడతారు?

డాక్టరమ్మ:
మంచి పాఠ్య సామగ్రిని కూడా జాగ్రత్తగానే దాచుకుంటాం అండి. పోత పోయించింది కూడా ఎక్కువమంది చూసి నేర్చుకోవడానికే కావచ్చు కదా.

శిల్పవాణి:
పోతపని గారి మాటతో నా వాదన కొంచెం మార్చుకుంటున్నాను. "పూర్తి శిల్పం" అన్నది తొందరపాటే. రేఖాగణం గారూ, ఒలిచిన ఒళ్లు శిల్పం కాలేదంటే మాత్రం మిలాన్ కెథడ్రల్‌లో మార్కో ద'అగ్రాతే 1562లో చేసిన సెయింట్ బార్తొలొమ్యూను, అంటే బతికుండగానే చర్మం ఒలిచి చంపారని చెప్పుకునే క్రైస్తవ సాధువును, ఏమనాలి? పాలరాతి మనిషి, తన చర్మాన్నే ఉత్తరీయంలా భుజం మీద వేసుకుని నిలబడ్డాడు.

సిగోలి విషయంలో నన్ను ఆపేది ఒకటే. ఆయన చిత్రకారుడు, గెలీలియోకు స్నేహితుడు. రోమ్‌లో శాంటా మారియా మజ్జోరె గోపురం లోపల మేరీమాత కాళ్ల కింద చంద్రుణ్ణి నున్నగా కాక గుంటలతో వేశాడు, టెలిస్కోపులో కనిపించినట్టే. ఆ పని 1612లో ముగిసింది. అంతకు పదేళ్ల పైచిలుకు ముందే ఆ చేతులు కండరాలను మైనంలో అలాగే చూసుకున్నాయి. చంద్రుడి మీద గుంటలను ఎవరూ అభ్యాసం అనలేదు. ఈ బొమ్మను ఎందుకంటున్నాం?

రేఖాగణం:
ఎందుకంటే ఆ చంద్రుడి మీద మేరీమాత నిలబడింది. ఈ కండరాల మీద ఇంకా ఎవరూ నిలబడలేదు. నా మాట మీదే ఉన్నాను, కానీ అగ్రాతే బొమ్మ గురించి రేపు వేరుగా రాస్తాను.