ఫ్రెండ్స్‌కి మాత్రమే పెట్టిన పోస్టు ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
పోయిన నెల నాకు అబార్షన్ అయింది. మనసు ఆగక ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ ఓన్లీ పెట్టి నాలుగు ముక్కలు రాసుకున్నా. నిన్న మా పెద్దమ్మ కొడుకు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి "చెల్లి కోసం దేవుణ్ణి ప్రార్థించండి" అని ఎనభై మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు, మా అత్తగారికి నేనింకా చెప్పనే లేదు, ఆవిడకి అక్కడే తెలిసింది. పొద్దున్నే ఫోన్ చేసి "నాకు చెప్పకూడదామ్మా" అని ఏడ్చారు. అన్నయ్యని అడిగితే నువ్వే కదా పెట్టావ్ అంటున్నాడు. నాదే తప్పా?

జవాబు:
అస్సలు కాదండీ. ఫ్రెండ్స్ ఓన్లీ పోస్టుని షేర్ బటన్ నొక్కి పంపినా మీరు ముందు ఎవరికి చూపించారో వాళ్లకే కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్‌కి ఆ అడ్డం లేదు. వాట్సాప్‌లో ఎవరి మెసేజ్ అయినా అడ్మిన్ అందరికీ డిలీట్ చెయ్యొచ్చు, లేటయితే కుదరదు, ఇప్పుడే చెప్పండి.

జవాబు:
అక్కా, 2017లో పుట్టస్వామి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. కానీ మన వివరాల్ని కాపాడే 2023 డేటా చట్టం, ఎవరైనా సొంత, ఇంటి అవసరాలకి ఆ వివరాలు వాడుకుంటే వర్తించదు, కాబట్టి ఇది అన్నయ్యతో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ప్రేమతోనే పెట్టుంటాడు, అయినా ఒక్క మాట అడగాలి కదా.

జవాబు:
నేనూ ఒకసారి ఫ్రెండ్ పోస్టు ఇలాగే పంపేశా, తను ఆరు నెలలు మాట్లాడలేదు. అప్పట్నుంచి "ఇది వేరేవాళ్లకి పంపనా?" అని అడిగాకే పంపుతున్నా.

ప్రశ్న అడిగినవారు:
అడ్మిన్ మా బాబాయే, ఇప్పుడే తీసేశారు. సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్తున్నా.