ట్రైకోడెర్మా బాగానే పెరుగుతోంది, సెల్యులేజ్ మాత్రం రావట్లేదు

ప్రశ్న:
సెల్యులోజ్‌ని చక్కెరగా విడగొట్టే సెల్యులేజ్ ఎంజైమ్ కోసం మూడు నెలలుగా ట్రైకోడెర్మా రీసై అనే ఫంగస్‌తో కుస్తీ పడుతున్నాను. సెల్యులోజ్ పొడి 1 శాతం, త్వరగా పెరగాలని గ్లూకోజ్ 2 శాతం, అమ్మోనియం సల్ఫేట్, 28 డిగ్రీలు. మూడో రోజుకే ఫ్లాస్కు నిండా తెల్లటి ఉండలు కడుతున్నాయి. ఎంజైమ్ విడదీసిన చక్కెరను రంగు మార్పుతో చూపే డీఎన్ఎస్ పరీక్షలో మాత్రం బ్లాంకుకీ (ఎంజైమ్ వేయని ట్యూబు) శాంపిల్‌కీ రంగులో తేడానే లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు ఆ గ్లూకోజ్ తీసేయండి. తేలిగ్గా తినే చక్కెర ఎదురుగా ఉన్నంతసేపు ఈ ఫంగస్ సెల్యులేజ్ జన్యువులను అణచిపెట్టే ఉంచుతుంది. కష్టపడి సెల్యులోజ్ ఎందుకు కొరుకుతుంది? బదులుగా లాక్టోజ్ వేసి చూడండి, అది ఎంజైమ్‌ని ప్రేరేపిస్తుంది కూడా. బాగా పెరగడం వేరు, ఎంజైమ్ ఇవ్వడం వేరండీ.

జవాబు 2:
పీహెచ్ రోజూ కొలుస్తున్నారా? 5 దగ్గర మొదలుపెట్టినా, అమ్మోనియం వాడుకునే కొద్దీ ఆమ్లం పెరిగి అది పడిపోతుంది. పీహెచ్ మారకుండా పట్టి ఉంచే బఫర్ వేయండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిస్తే 2.7 ఉంది! ఇన్నాళ్లూ మొదటిరోజు తప్ప చూడనేలేదు. గ్లూకోజ్ తీసి లాక్టోజ్, బఫర్ వేశాను. ఐదో రోజు డీఎన్ఎస్ ట్యూబులో పసుపు మెల్లగా ఇటుక రంగుకు తిరిగింది. చేతులు వణికాయండీ. ఇద్దరికీ ధన్యవాదాలు.