అప్‌డేట్: ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి ఫెలోషిప్ దొరికింది

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయ్యింది, క్షయ మీద పరిశోధన చేయాలని ఉంది, ఇంట్లో ఇక రూపాయి అడగలేను, ఏం చేయమంటారని అప్పట్లో అడిగాను కదా. డీబీటీ జేఆర్‌ఎఫ్ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం పరీక్ష పెట్టి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, అదీ మొదటి కేటగిరీలో! హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో చేరాను.

"లోన్ మాట పక్కన పెట్టు, సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్ ఫెలోషిప్‌ల కోసం రాసే ఇంకో జాతీయ పరీక్ష) ఒక్కటే నమ్ముకోకు, డీబీటీ పరీక్ష కూడా రాయి" అని అప్పుడు సలహా ఇచ్చిన అక్కకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

నెలకు 37,000 రూపాయలు. 2023 జనవరికి ముందు 31,000 ఉండేది. రెండేళ్ల తర్వాత పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్ ఫెలోషిప్) ఇస్తే 42,000. తిరిగి కట్టక్కర్లేదు. అమ్మ అయితే "చదువుకుంటే జీతమిస్తారా?" అని మూడుసార్లు అడిగింది.

కేటగిరీ సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మొదటిదైతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి ఫెలోషిప్ మన వెంటే వస్తుంది. రెండోదైతే డీబీటీ డబ్బిచ్చే ప్రాజెక్టులోనే చేరాలి, అదీ ఆ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే.

ఫెలోషిప్ ఉన్నా సీటు కోసం ఇంటర్వ్యూ తప్పదు. నన్నయితే బోర్డు దగ్గరికి పిలిచి, నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులోని ప్రొటీన్ స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన ప్రొటీన్ మోతాదులకు ఎంత రీడింగ్ వస్తుందో చూపే గ్రాఫ్) గీయమన్నారు. ప్రొటీన్ మోతాదు పెరిగాక గీత ఎందుకు వంగిందని అక్కడే పావుగంట ప్రశ్నలు. కాబట్టి చేసిన ప్రాజెక్టు ఎంత చిన్నదైనా లోతుగా చదువుకుని వెళ్లండి.

ఈ ఏడాది రాస్తున్నవాళ్లు ఏ డౌటున్నా అడగండి, నా నోట్స్ కూడా పంపిస్తాను.