పాడ్‌కాస్ట్‌లో మన క్లాసుల సంగతి చెప్పుకోవచ్చా, చెప్పుకోకూడదా?

పానగల్లు రోడ్ యోగా

అందరికీ నమస్తే. నాది నల్లగొండ. ఇంటి మేడ మీద యోగా క్లాసు నడుపుతాను. పొద్దున ఐదున్నరకు ఒక బ్యాచ్, సాయంత్రం ఆడవాళ్లకు ఒక బ్యాచ్. ఫీజు నెలకు 800. ఎనిమిది నెలల కింద ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. నడుం నొప్పి, నిద్ర పట్టకపోవడం, కాన్పు తర్వాత ఒళ్లు నొప్పులు, ఇట్లాంటి విషయాలు. ఇప్పటికి 22 ఎపిసోడ్లయ్యాయి. ఒక్కోదాన్ని మూడు నాలుగు వందల మంది వింటున్నారు. ఇంతవరకు ఒక్కసారి కూడా "నా క్లాసుకు రండి" అని అనలేదు. అందామంటే నోరు రాదు.

"దుకాణం పెట్టుకుని బోర్డు బోర్లా వేసుకున్నవ్" అంటాడు మా ఆయన. "ఆరోగ్యం గురించి అంతసేపు చెప్పి, చివర్లో రేటు చెప్తే ఉన్న నమ్మకం కూడా పోతది" అంటుంది మా అక్క. ఇది చాలదన్నట్టు పోయిన వారం ఒక నొప్పుల తైలం కంపెనీ నుంచి ఫోన్. "నేనూ ఇదే వాడుతున్నా" అని ఒక్క ముక్క చెప్తే ఎపిసోడ్‌కు నాలుగు వేలు ఇస్తారట. నేను కొబ్బరినూనె తప్ప ఇంకేదీ వాడను. వద్దన్నాను. కానీ తైలం వద్దన్నదాన్ని, నా క్లాసు గురించి చెప్పుకుంటే అది మాత్రం వేరే ఎట్లవుతుందని అప్పటినుంచి ఒకటే ఆలోచన. మీరైతే ఏం చేస్తారు?

పాలమూరోడు

చెప్పకండి అక్కా. మాకు జరిగింది చెప్తా, తర్వాత మీ ఇష్టం.

మా అమ్మకు పదేళ్లుగా షుగర్. జడ్చర్లలో ఒక్కతే ఉంటది. రోజూ బియ్యం ఏరుకుంటూ ఫోన్‌లో ఒకాయన మాటలు వినేది. గొంతు బాగుంటది, పెద్ద కొడుకు మాట్లాడినట్టు ఉంటది. మొదటి నెల జొన్నరొట్టె తినండి, పొద్దున నడవండి అన్నడు. ఎవరు కాదంటరు? రెండో నెల నుంచి గోలీలు లోపల ఎట్ల పాడుచేస్తయో చెప్పుడు మొదలైంది. మూడో నెల 21 రోజుల ప్యాకేజీ, 6,500. అమ్మ మాకు చెప్పకుండ పైసలు కట్టింది, చెప్పకుండ గోలీలు ఆపింది. బతుకమ్మ పండుగకు ఇంటికి పోతే కాలి బొటనవేలికి పాత చీర గుడ్డ చుట్టుకుని ఉంది. "చెప్పు కరిచింది లే" అన్నది. గుడ్డ విప్పి చూస్తే పుండు. దవాఖానకు తీసుకపోతే షుగర్ 400 దాటింది. వేలు దక్కింది గానీ మూడు నెలలు పట్టింది.

నాకు అసలు బాధ అది కాదు. దవాఖాన మంచం మీద పండుకుని కూడా "ఆయన మంచోడు బిడ్డా, నేనే సరిగ్గ చేయలేదు" అన్నది. చెవిలో రోజూ వినపడే గొంతుకు అంత బలం ఉంటది. అమ్ముకునేటోళ్లు అమ్ముకోండి, సలహాలిచ్చేటోళ్లు సలహాలివ్వండి. రెండూ ఒకే గొంతుతో వద్దు.

మిర్యాలగూడ ఫిజియో

తమ్మీ, మీ అమ్మగారి సంగతి చదివితే మనసు పాడైంది. కానీ ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. డాక్టరూ సలహా ఇచ్చి ఫీజు తీసుకుంటాడు, నేనూ తీసుకుంటాను. ఆయన చేసిన తప్పు ప్యాకేజీ అమ్మడం కాదు. గోలీలు ఆపించడం.

జబ్బు నయం చేస్తామనే ప్రకటనల మీద చట్టం ఎప్పుడో ఉంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 1954. ఆ పట్టికలో 54 జబ్బులున్నాయి. షుగర్, బీపీ, క్యాన్సర్, పక్షవాతం, ఊబకాయం అన్నీ అందులోవే. వీటిని నయం చేస్తుందని ఏ మందునూ ప్రకటించకూడదు. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆరోగ్యం గురించి ప్రచారం చేసేటప్పుడు ఆ అర్హత ఏంటో చెప్పాలి. నిపుణుల్లా మాట్లాడే మిగతావాళ్లు, ఇది డాక్టర్ సలహాకు బదులు కాదని తెలిసేలా చెప్పాలి. నీళ్లు తాగండి, నడవండి, వేళకు పడుకోండి లాంటి మామూలు మాటలకు ఈ పట్టింపు లేదు, వాటిని ఏదో సరుకుకో జబ్బుకో ముడిపెట్టనంత వరకు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కాబట్టి అక్కా, ఆ తైలం వద్దనడం మంచి పని చేశారు. వాడకుండానే వాడుతున్నా అంటే అది మీ మెడకే చుట్టుకునేది.

ఇక నా సంగతి. మా దగ్గర రైస్ మిల్లులు ఎన్నో మీకు తెలుసు. హమాలీల కోసం ఒక ఎపిసోడ్ చేశాను, సంచి ఎట్లా ఎత్తాలి అని. ఒక్కటే విషయం, పన్నెండు నిమిషాలు: బరువు మీదున్నప్పుడు నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పాలి. లారీ వైపు తిరిగేటప్పుడు చాలామంది కాళ్లు కదపకుండా నడుం మెలి తిప్పుతారు, అక్కడే పట్టేస్తుంది. ఆ ఎపిసోడ్ విని నా దగ్గరికి వచ్చినవాళ్లు నలుగురో ఐదుగురో. "సార్, రావాల్సిన పని పడలేదు, తగ్గింది" అని ఫోన్ చేసినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆదాయం పోయిందా అంటే పోలేదు. అట్లా ఫోన్ చేసిన ఒక మేస్త్రి తర్వాత వాళ్ల అత్తను మోకాళ్లకు తీసుకొచ్చాడు.

దేవరకొండ డీవీ

ఇంత ఆలోచిస్తే ఎవ్వరూ రారు మేడమ్. మా బస్టాండు దగ్గర "పది రోజుల్లో పది కిలోలు" అని ఫ్లెక్సీ కట్టారు, హాలు పట్టనంత జనం. నిజాయితీ కరెంటు బిల్లు కడ్తదా?

పానగల్లు రోడ్ యోగా

డీవీ గారూ, కట్టదు. అందుకే అడుగుతున్నా. రెండు బ్యాచ్‌లు కలిపి 19 మంది ఉన్నారు, 28 మందికి చోటుంది. తొమ్మిది చాపలు చుట్టి మూలకు పెట్టి ఉన్నాయి. రోజూ ఊడ్చేటప్పుడు వాటిని జరుపుతుంటాను.

మైకు మామ

రికార్డింగ్ పని చేసేవాణ్ని కాబట్టి ఆ కోణంలో చెప్తా. చివర్లో చెప్పడమే పెద్ద పొరపాటు. ఒకటి, చివరిదాకా ఉండేవాళ్లు తక్కువ. రెండు, అప్పటిదాకా అక్కలాగా మాట్లాడి ఆఖరున రేటు చెప్తే విన్నవాడికి మోసపోయినట్టు ఉంటది. మొదట్లోనే చెప్పేయండి. పాత ఇనుప సామాన్లు కొనేటోడు గల్లీ మొదట్లోనే కేకేస్తడు. మన గడప దాకా చుట్టంలాగా వచ్చి, మంచినీళ్లు తాగి, అప్పుడు "పాత సామాన్లున్నయా" అంటే ఎట్లుంటది?

పది సెకన్లు చాలు. పేరు, ఊరు, క్లాసు నడుపుతాననీ దాని ఫీజు ఇంతనీ చెప్పండి. తర్వాత ఎపిసోడ్ మొత్తంలో మళ్లీ ఆ మాట ఎత్తొద్దు.

ఇంకో సంగతి, రికార్డింగ్‌లో ఫ్యాను వినపడుతున్నది. ఆపండి. గోడకు ఒక బొంత వేలాడదీయండి, గది మోగడం తగ్గుతది.

పాలమూరోడు

మామా, మా అమ్మ విన్నాయన కూడా మొదట్లోనే చెప్పిండు, "నేను ఫలానా సెంటర్ నడుపుతా" అని. చెప్పినంత మాత్రాన ఏమైంది? ఇంకింత నమ్మింది. సెంటర్ ఉన్నోడు గదా, తెలిసినోడే అయ్యుంటడు అనుకుంది.

గుంటమగ్గం

మాది పుట్టపాక. మా ఇంట్లో పొద్దంతా మగ్గం మీదే. కాళ్లు గుంటలో, చేతులు మగ్గం మీద, చెవులు మాత్రం ఖాళీ. కాబట్టి మాకు పాడ్‌కాస్ట్ అంటే మహా ఇష్టం. నేను చెప్పదలచుకున్నది "నయమైన వాళ్ల మాటలు" గురించి.

ఒక సెంటర్ వాళ్లు మా చిన్నాయనతో మాట్లాడించి రికార్డు చేసుకున్నారు. వాళ్ల దగ్గరికి పోయిన మూడో రోజు. ఆ రోజు నిజంగానే నొప్పి తగ్గింది, మూడు రోజులు మగ్గం ఎక్కలేదు మరి, తగ్గదా? "నాకు నొప్పే లేదు" అని సంబరంగా చెప్పాడు. మగ్గమెక్కిన వారానికి మళ్లీ మామూలే. ఏడాదిన్నర అయింది, ఆ ఆడియో ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో మాత్రం మా చిన్నాయనకు ఇప్పటికీ నొప్పి లేదు.

తీసేయమని అడిగితే "ఆయన ఇష్టపడే చెప్పాడు కదా" అన్నారు. నిజమే, ఇష్టపడే చెప్పాడు. మీరు ఎవరినైనా మాట్లాడిస్తే ఆరు నెలల తర్వాత మాట్లాడించండి. తగ్గనివాళ్లను కూడా ఒకరిద్దరిని.

మర్రిగూడ నుంచి

నేను మామూలుగా ఇక్కడ రాయను, చదివి పోతుంటా. మీ నడుం నొప్పి ఎపిసోడ్ విన్నా మేడమ్, నిజంగా బాగుంది. అందుకే రాస్తున్నా. 14వ నిమిషంలో మీరు ముందుకు వంగే వ్యాయామం చెప్పి "ఇది ఎవరైనా చేయొచ్చు" అన్నారు.

మా బాపు వయసు 66. మెడ తిప్పాలంటే మొత్తం మనిషి తిరగాలి. చిన్నప్పటి నుంచి తాగింది బోరు నీళ్లే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావంటారు, మా దగ్గర బోర్లలో అంతకంటే ఎక్కువే ఉండేది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. మా జిల్లాకు దక్కిన కీర్తి ఇది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి పిల్లలకు ఆ బాధ తప్పుతున్నది. కానీ ఫ్లోరైడ్ పట్టి గట్టిపడిన వెన్ను మళ్లీ మామూలు కాదు. గట్టిపడిన వెన్నును వంచబోతే ఏమవుతుందో ఫిజియో సారే చెప్పాలి.

మా బాపు మీ ఎపిసోడ్ విన్నాడు. మా వాట్సప్ గ్రూపులో ఎవరో పెట్టారు. విని చాప వేసుకున్నాడు. నేను ఇంట్లో ఉన్నా కాబట్టి సరిపోయింది.

మిర్యాలగూడ ఫిజియో

సార్, ఆపి మంచి పని చేశారు. అట్లాంటి వెన్నుతో బలవంతంగా వంగితే నరాల మీద ఒత్తిడి పడొచ్చు, ప్రమాదం. ముందు ఎక్స్‌రే, డాక్టర్, ఆ తర్వాతే ఏ వ్యాయామమైనా. అదీ మనిషిని ఎదురుగా చూస్తూ. ఆడియోతో ఉన్న చిక్కే ఇది. మనం చెప్తాం, అవతల ఎవరు ఎట్లా వంగుతున్నారో కనపడదు.

పానగల్లు రోడ్ యోగా

మర్రిగూడ సార్, రాత్రి మీది చదివి ఎపిసోడ్ మళ్లీ విన్నాను. అన్నాను. "ఎవరైనా చేయొచ్చు" అనే అన్నాను, పైగా నవ్వుతూ. నల్లగొండలో పుట్టి పెరిగినదాన్ని, మా మేనమామ పళ్లు గారపట్టినవే, అయినా నాకు ఆ ఆలోచనే రాలేదు. బాపుగారికి ఏమీ కాలేదు కదా? నిద్ర పట్టలేదు.

రూపాయి అడగలేదు కాబట్టి నేను శుద్ధంగా ఉన్నాననుకున్నాను ఇన్నాళ్లు. ఆ మాట చెప్పి ఏమీ అమ్మలేదు, ఊరికే చెప్పాను, ఊరికే తప్పు చెప్పాను. క్లాసులో ఎవరైనా కొత్తగా వస్తే ఏ ఊరు, నీళ్లు ఏవి తాగేవారు, ఆపరేషన్లు అయ్యాయా అని పది నిమిషాలు అడిగి గానీ చాప ఇవ్వను. పాడ్‌కాస్ట్‌లో వినేవాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వంగమన్నాను.

మొదట్లో చెప్పడానికి ఇది రాసుకున్నాను, చూసి చెప్పండి:

"నేను నల్లగొండలో యోగా క్లాసు నడుపుతాను, నెలకు 800 తీసుకుంటాను, అదే నా బతుకుదెరువు. డాక్టర్‌ను కాను. మెడ, వెన్ను గట్టిపడినవాళ్లు, చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు, కాలు తిమ్మిరెక్కేవాళ్లు, కాన్పయి మూడు నెలలు దాటనివాళ్లు ఇవి చేయొద్దు, ముందు దవాఖానలో చూపించుకోండి. నా క్లాసుకు కూడా అప్పుడే రండి."

దేవరకొండ డీవీ

రావొద్దని చెప్పి పిలిచేది మిమ్మల్నే చూశా. 😀

పాలమూరోడు

గోలీల మాట కూడా కలపండి అక్కా. "డాక్టర్ రాసిన గోలీలు ఆపమని నేను ఎప్పుడూ చెప్పను, ఎవరైనా నా పేరు చెప్పి ఆపమంటే నమ్మొద్దు" అని. మా అమ్మ విన్నాయన ఎన్నడూ ఎవరినీ రావొద్దనలేదు. జ్వరమొచ్చినోడినీ రమ్మన్నడు, గుండె ఆపరేషనైనోడినీ రమ్మన్నడు. అమ్మడం, సలహా ఒకే గొంతులో వద్దన్న మాట మీద నేను ఇంకా ఉన్నా. కానీ ఇది వింటా.

పానగల్లు రోడ్ యోగా

కలిపాను తమ్మీ. 14వ నిమిషం కూడా తీసేసి, మళ్లీ రికార్డు చేసి పెట్టాను. ఫ్యాను ఆపే చేశాను మామా, చెమటలు కారిపోయాయి.

మైకు మామ

మేడమ్, ఒక చిక్కుంది. ఫైలు మార్చినా, ఇదివరకే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో పాతదే ఉంటది. యూట్యూబ్‌లో అయితే పాత వీడియో స్థానంలో కొత్తది పెట్టనే పెట్టనివ్వరు, ముక్క కత్తిరించడం వరకే. వాట్సప్‌లో తిరిగేదాన్ని ఇక ఆపలేం. వచ్చే ఎపిసోడ్ మొదట్లో "ఫలానా చోట తప్పు చెప్పాను" అని మీ గొంతుతోనే చెప్పండి.

మర్రిగూడ నుంచి

నిజమే, మా గ్రూపులో ఉన్నది పాతదే. బాపు బాగానే ఉన్నాడు, టెన్షన్ పడకండి.

పానగల్లు రోడ్ యోగా

సార్, ఒక నిమిషం ఆడియో చేసి పంపుతాను, ఆ పాతది పెట్టిన చోటే పెట్టండి. ఇంకా ఏ ఏ గ్రూపుల్లో తిరుగుతుందో మీకు తెలిస్తే చెప్పండి, అక్కడ కూడా పెట్టిస్తాను. ఇందులో ఫీజు సంగతి చెప్పను.